జలుబు ఉందని టీకా మానేయకండి

బిడ్డకు కాస్త ముక్కు కారితే చాలు, "ఈసారికి వద్దులే, వచ్చే నెల వేయిద్దాం" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. వచ్చే నెల ఎవరిదో పెళ్లి, ఆ పై నెల ప్రయాణం. కోరింత దగ్గుతో సహా ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా ఆరు వారాలకు పడాల్సింది ఆరు నెలలకు పడుతుంది. కోరింత దగ్గు పసిపిల్లల ప్రాణం మీదికి తెచ్చేది ఆ మొదటి నెలల్లోనే! మామూలు జలుబు, దగ్గు, కాస్త ఒళ్లు వెచ్చబడటం టీకా ఆపడానికి కారణాలు కావు. జ్వరం బాగా కాస్తూ బిడ్డ నీరసించిపోతే ఆగాలి. అదైనా తీసుకెళ్లి చూపిస్తే ఏఎన్ఎమ్మో డాక్టరో చెప్పాల్సిన మాట.

ఆలస్యమైంది కాబట్టి మళ్లీ మొదటి నుంచి వేస్తారని భయపడి అసలు వెళ్లనివాళ్లూ ఉన్నారు. అలా వేయరు. ఆగిన డోసు నుంచే కొనసాగిస్తారు. పెంటా డోసుల మధ్య కనీసం నాలుగు వారాలు ఉంటే చాలు. అయితే కొన్నిటికి గడువుంది. ప్రభుత్వ టీకాల్లో హెపటైటిస్ బి మొదటిది పుట్టిన 24 గంటల్లో, పోలియో సున్నా డోసు (పుట్టగానే వేసే చుక్కలు) 15 రోజుల్లో, క్షయ రాకుండా వేసే బీసీజీ ఏడాదిలోపు పడాలి.

పెంటా వేసిన రాత్రి జ్వరం రావడం మామూలే, అందులోని కోరింత దగ్గు టీకా వల్ల. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అసలు ప్రమాదం పారాసిటమాల్ సీసా దగ్గర ఉంది. చుక్కల మందులో సాధారణంగా ఒక ఎంఎల్‌కే 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్‌లో 5 ఎంఎల్‌కు 120, మరో రకంలో 250. ఐదు కిలోల బిడ్డకు 60 మిల్లీగ్రాములంటే 120 సిరప్ అయితే రెండున్నర ఎంఎల్, చుక్కల మందు అయితే 0.6 ఎంఎల్ మాత్రమే. సిరప్ కొలతతో చుక్కల మందు పోస్తే నాలుగు రెట్లు పడిపోతుంది. లేబుల్ చదవండి, డాక్టర్ రాసిన కొలత ఏ సీసాకో అడగండి. సూది గుచ్చిన చోట రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు. బీసీజీ పొక్కు చితికి చీము కారినా పసుపు, కాఫీపొడి అద్దొద్దు, దానంతటదే మానుతుంది.

ఎక్కువమంది మరిచిపోయేది తట్టు-రుబెల్లా రెండో డోసు, 16 నుంచి 24 నెలల మధ్య వేసేది. తొమ్మిది నెలల టీకాతో అయిపోయిందనుకుంటారు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు వేసే డీపీటీ బూస్టర్ కూడా అప్పుడే. మన దగ్గర ఎక్కువ ఊళ్లలో టీకాలు బుధ, శనివారాల్లో వేస్తారు. తల్లీబిడ్డ కార్డు ఇవాళే తీసి, ఖాళీగా ఉన్న గడి ఏదో చూసి, బిడ్డను ఎత్తుకుని వెళ్లండి.