టైర్లు కొనడం ఇంత తలనొప్పా?

అనంతపురంలో కారుకు మంచి గ్రిప్ ఉన్న టైర్లు, అదీ జేబుకు చిల్లు పడకుండా కొనాలంటే తల ప్రాణం తోకకొస్తోంది. నా కారు టైరు సైజు 195/55 ఆర్16, అందులో 195 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. ఏ షాపుకెళ్లినా మొదటి మాట ఒకటే: "ఆ సైజు లేదన్నా, 205 వేసుకో, ఏం కాదు." ఏం కాదని ఇతనికెలా తెలుసు?

గ్రిప్ గురించి అడిగితే మైలేజీ చెప్తాడు. "అరిగే పనే లేదన్నా!" నాకు అదే కదా భయం! రోడ్డును గట్టిగా పట్టుకోవాలంటే రబ్బరు మెత్తగా ఉండాలి, మెత్తటిది తొందరగా అరుగుతుంది. తక్కువ ధరలో రెండూ కావాలంటే దొరకవు. టైరు పక్కన ట్రెడ్‌వేర్ అంకె, అంటే అరుగుదలను చెప్పే అంకె, 200 ఉంటే మెత్తన, 400 దాటితే మన్నిక ఎక్కువ. అది చూపిస్తే, నేనేదో చేతబడి చేస్తున్నట్టు చూస్తాడు. బెంగళూరు హైవే మీద తొలివాన పడ్డాక గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు తెలుస్తుంది, ఎవరి మాట నిజమో.

ఇక తయారీ తేదీ. టైరు పక్కన అచ్చేసి ఉండే డాట్ కోడ్ చివర 1822 అని ఉంది, అంటే 2022లో 18వ వారం. "కొత్త స్టాకేనన్నా, కవర్ కూడా తీయలేదు!" మన ఎండలకు రేకుల షెడ్డులో ఇన్నాళ్లు మగ్గిన రబ్బరుకు కవరుంటే ఎంత, లేకుంటే ఎంత?

పోనీ ఆన్‌లైన్లో తెప్పిద్దామంటే, బిగించడానికి ఇదే షాపుకు రావాలి. బయట కొన్న టైరు కనిపిస్తే చాలు, "బ్యాలెన్సింగ్ మిషన్ రిపేరన్నా, రేపు రా" అంటాడు.