ఏడో రుచికి గుర్తింపు కావాలి

ఉగాది పచ్చడిలో ఆరే రుచులని మనవాళ్లు ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. ఇది బెజవాడకు జరుగుతున్న అన్యాయం. గుంటూరు సన్నం మిరపకాయకు భౌగోళిక గుర్తింపు ఇచ్చారు, బందరు లడ్డుకు ఇచ్చారు, సంతోషం. రోజూ పొద్దుగూకాక సత్యనారాయణపురం నుంచి పటమట దాకా కర్రీ పాయింట్లలో తయారయ్యే ఏడో రుచి మాత్రం ఇంతవరకూ ఏ ఆఫీసు కంటా పడలేదు. నాలుగు మాటలు రాసి పెడితే రేపు దరఖాస్తుకు పనికొస్తాయని ఈ ప్రయత్నం.

తయారీ సులువు. గిన్నెలో పప్పుచారు మరుగుతూ ఉంటుంది. కుర్రాడు ఓ పల్చటి కవరు తీసి, రెండు వేళ్ల మధ్య నలిపి నోరు తెరిపిస్తాడు. తెరుచుకోకపోతే ఉఫ్ అని ఊదుతాడు. దీనికి అదనపు చార్జీ లేదు. రెండు గరిటెలు పడగానే, అప్పటిదాకా గరగరలాడిన కవరు ఒక్కసారిగా మెత్తబడి, చప్పుడు మానేసి అరచేతికి అతుక్కుంటుంది. దాన్ని గిర్రున తిప్పి మెడకు రబ్బరు బ్యాండు బిగిస్తే పొట్లం రెడీ. మనం దాన్ని బండి హ్యాండిల్‌కి తగిలించుకుని బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర కాసేపు, అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర కాసేపు ఊరనిస్తాం. ఇంటికెళ్లి గిన్నెలోకి వంచాక, ఖాళీ కవరు లోపలి వైపు చూసే అలవాటు ఎవరికీ లేదు. ఆకలి మీద ఉంటాం.

ఇందులో శాస్త్రం లేదనుకునేరు. తక్కువ సాంద్రత రకం పాలిథీన్ 110 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది, మెత్తబడడం అంతకు చాలా ముందే మొదలవుతుంది. పప్పుచారు వందకు దగ్గర్లో ఉంటుంది. అంటే కరగదు, టెన్షన్ అక్కర్లేదు. ఆ పది డిగ్రీల తేడాలో ఊరంతా క్షేమంగా భోంచేస్తోంది. నిజానికి పాలిథీన్ ఒక్కటే వస్తే పెద్ద గొడవ లేదు. అది పెళ్లికి వచ్చినట్టు చుట్టాలందర్నీ వెంటేసుకుని వస్తుంది. రంగుకొకటి, జారుడుకొకటి, ఎండకు పెళుసెక్కకుండా ఉండడానికొకటి, పైన అచ్చేసిన సిరా మరొకటి. వీటిలో చాలావరకు ప్లాస్టిక్‌తో కలిసిపోయి ఉండవు, మధ్యలో ఇరుక్కుని ఉంటాయంతే. వేడి తగిలినా, నూనె తగిలినా, చింతపండు తగిలినా బయటికి దారి వెతుక్కుంటాయి. మన పులుసులో ఈ మూడూ ఉన్నాయి. దీన్నే మహర్దశ అంటారు.

మొన్న ఒక పెద్దాయన లైన్లో నిలబడి అడగకూడని ప్రశ్న అడిగాడు.

"బాబూ, ఇంత వేడిది కవర్లో పోస్తున్నావు, పర్లేదా?"

"ఫుడ్ గ్రేడేనండీ బాబాయ్ గారూ."

"ఎంత వేడికి ఫుడ్ గ్రేడు?"

"చల్లారాక పోస్తే చల్లగా ఉందని మీరే తిడతారు కదండీ!"

లైనంతా కుర్రాడి పక్షమే. పెద్దాయన కూడా చివరికి గోంగూర పప్పు, బెండకాయ వేపుడు కట్టించుకుని వెళ్లాడు. వాదన వేరు, వేపుడు వేరు. కర్ణాటకలోనైతే 2025లో ఇడ్లీ రేకుల్లో గుడ్డకు బదులు ప్లాస్టిక్ షీటు పరచి ఉడకబెట్టడాన్నే నిషేధించారు. ఒక వంటకం ఎదుగుతుంటే ప్రభుత్వాలు ఎలా అడ్డుపడతాయో చూడండి.

ఇక నీళ్ల సంగతి. కృష్ణమ్మను పక్కనే పెట్టుకుని మనం వాటర్ టిన్ తెప్పించుకుంటాం. మే నెలలో పాదరసం 45 దగ్గర తచ్చాడుతుంటే, నీలం టిన్నులు ఆటో మీద బోర్లా కాకుండా జాగ్రత్తగా ఎండలోనే ఊరేగుతాయి. కాసిని చల్లటి నీళ్లు కాదు, కాచిన నీళ్లే ఇంటికి వస్తాయన్నమాట, గ్యాసు ఖర్చు లేకుండా. ఆ గట్టి రకం టిన్నుల్లో చాలావాటికి ముడిసరుకు పాలికార్బనేట్. అడుగున త్రికోణంలో 7 అని ఉంటుంది. 7 అంటే "ఇతరములు" అని అర్థం. రేషన్ కార్డు దరఖాస్తులో లాగే అసలు సంగతులన్నీ అక్కడే ఉంటాయి.

పాలికార్బనేట్‌ను బిస్ఫినాల్-ఏ అనే రసాయనంతో చేస్తారు, ముద్దుగా బీపీఏ. దీని జాతకం విచిత్రం. 1891లో పుట్టింది. 1930ల్లో ఇంగ్లండ్‌లో డాడ్స్ అనే శాస్త్రవేత్త ఆడ హార్మోన్‌కు బదులు పనికొచ్చే మందు కోసం వెతుకుతూ దీన్నీ పరీక్షించాడు. పనిచేసింది. కానీ అంతకన్నా చాలా గట్టిది మరొకటి దొరకడంతో దీన్ని పక్కన పెట్టారు. ఆ తర్వాత 1950ల్లో జర్మనీ, అమెరికా కంపెనీలు దీంతో గట్టి ప్లాస్టిక్ చేయడం మొదలుపెట్టాయి. మందుల షాపులో పని దొరక్క వంటింట్లో ఉద్యోగంలో చేరిందన్నమాట. పాత విద్య మాత్రం మర్చిపోలేదు.

మన దేశంలో 2015 నాటి ప్రమాణంలో పిల్లల పాలసీసాల్లో బీపీఏ ఉండకూడదన్నారు. చాలా మంచి పని. అంటే పాలసీసా మానేసిన రోజు నుంచి బెజవాడ బిడ్డ మేజరు. ఆ తర్వాత వాడి ఇష్టం, వాడి టిన్ను.

యూరప్ వాళ్లు మాత్రం పెద్దవాళ్లనూ వదల్లేదు. అక్కడి ఆహార భద్రతా సంస్థ రోజుకు కిలో బరువుకు 4 మైక్రోగ్రాముల బీపీఏ దాకా పర్లేదని 2015లో చెప్పి, 2023 వచ్చేసరికి 0.2 నానోగ్రాములకు దించింది (మైక్రోగ్రాములో వెయ్యో వంతు నానోగ్రాము). ఇరవై వేల రెట్లు తగ్గింపు! బీసెంట్ రోడ్డులో ఆషాఢం సేల్‌కి కూడా ఇంత తగ్గింపు ఎవడూ ఇవ్వలేదు. 2024 చివర్లో తిండికి తగిలే వస్తువుల్లో బీపీఏ వాడకంపైనే నిషేధానికి ఓకే చెప్పారు. జర్మనీ సంస్థ మాత్రం అంత కఠినం అక్కర్లేదు, 200 నానోగ్రాముల దాకా ఓకే అంది. ఇది తెలియగానే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "వాళ్లకే తేలలేదు, మనకెందుకండీ" అని తీర్మానం అయిపోయింది. మెతగ్గా ఉన్న ఆ జర్మనీ లెక్క కూడా పాత హద్దులో ఇరవయ్యో వంతేనని ఎవరూ భాగించి చూడలేదు. గ్రూపులో ఇంజినీర్లు చాలామందే ఉన్నారు.

అదే గ్రూపుకు 2024లో అసలైన పండగ వచ్చింది. నల్ల ప్లాస్టిక్ గరిటెల్లో పాత టీవీల తుక్కు నుంచి వచ్చే మంటనిరోధక రసాయనాలు ఉంటున్నాయని ఒక అధ్యయనం వచ్చింది. అందులో రోజువారీ హద్దు లెక్కగట్టడానికి మనిషి బరువు 60 కిలోలను, కిలోకు పర్లేదనే 7,000 నానోగ్రాములతో గుణించి 42,000 అని వేశారు. ఒక సున్నా ఎగిరిపోయింది. తర్వాత సరిదిద్దారు. గరిటెల్లో ఆ రసాయనాలు దొరికిన మాట అలాగే ఉంది, కానీ ఆ సున్నాతో పాటు మొత్తం రసాయనశాస్త్రమే కృష్ణలో కలిసిపోయిందని మావాళ్లు స్వీట్లు పంచుకున్నారు. ఏ డబ్బాలో పంచారో అడగొద్దు.

అయితే ఈ దరఖాస్తుకు అసలు బలం ఆవకాయ. యూరప్‌లో ప్లాస్టిక్ డబ్బా మంచిదో కాదో తేల్చడానికి, ఎక్కువకాలం నిల్వ ఉంచే తిండి కోసమైతే, 3 శాతం ఎసిటిక్ ఆమ్లమో నూనెనో పోసి 40 డిగ్రీల దగ్గర పది రోజులు ఉంచుతారు. అందులోకి దిగింది చదరపు డెసిమీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకపోతే పాస్. మన దేశపు హద్దు కూడా అదే. పాపం వాళ్లకు పది రోజులే ఓపిక. మనం పులుపు, నూనె, ఉప్పు, ఆవపిండి, గుంటూరు కారం అన్నీ ఒకే డబ్బాలో కూరి, మూడో రోజు తిరగకలిపి, ఏడాది పాటు అటకెక్కిస్తాం. వేసవిలో ఆ అటక మీద 40 డిగ్రీలు అంటే చల్లటి పూట. ఇంత పెద్ద ప్రయోగం నడుపుతున్నా మన అమ్మమ్మలకు ఒక్క సర్టిఫికెట్ రాలేదు.

ఆవకాయ అయిపోయిన ప్లాస్టిక్ డబ్బాను ఒకసారి చూడండి. సబ్బుతో తోమి, సున్నిపిండితో తోమి, రెండు రోజులు ఎండలో బోర్లించినా అడుగు నుంచి సగం దాకా ఎర్రటి వలయం పోదు. వాసనా పోదు, తర్వాత అందులో పోసిన బిస్కెట్లకు ఆ సంగతి బాగా తెలుసు. నూనె, కారం రంగు గోడలోకి వెళ్లగలిగాయంటే గోడకు దారి ఉన్నట్టే. ఆ దారి వన్‌వే అని నమ్మడానికే మన ఆడపడుచులు జాడీలు అటక చివరికి నెట్టేసి డబ్బాలు కొన్నారు. జాడీ బరువు, జారితే పగులుతుంది. డబ్బా పగలదు, ఆ మాట నిజమే.

టీ సంగతి క్లుప్తంగా. ప్లాస్టిక్ కప్పులను 2022 జులై 1 నుంచి నిషేధించారు. మనం చట్టానికి తలొంచి పేపర్ కప్పుకు మారాం. దాని లోపల పూత కూడా ప్లాస్టిక్కే. 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం పావుగంట అందులో ఉంటే 25,000 దాకా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు 2020లో లెక్కగట్టారు. మనవాళ్లు రెండు గుటకల్లో తాగేస్తారు కాబట్టి బతికిపోయాం. రాజకీయం మాట్లాడుతూ తాగేవాళ్లే కాస్త జాగ్రత్త.

ఇన్ని ఆధారాలున్నా ఏడో రుచి ఉద్యమానికి లోపలి శత్రువులు లేకపోలేదు. స్టీలు క్యారేజీ పట్టుకొచ్చేవాళ్లని చూస్తే లైనంతా విసుక్కుంటుంది. మూతలు తీయాలి, గిన్నెలు పేర్చాలి, గిన్నెలో కూర తక్కువగా కనిపిస్తుందని ఇంకో పావు గరిటె వేయించుకుంటారు కూడా. ఇలా అందరూ మొదలుపెడితే దరఖాస్తు ఏమైపోవాలి? మొన్న గవర్నరుపేటలో ఒకావిడ అలాగే నాలుగు గిన్నెల క్యారేజీలో చారు, కూర, పచ్చడి పోయించుకుని క్లిప్పు బిగించింది. నాకు నీరసం వచ్చింది. అంతలో ఆవిడ వెనక్కి తిరిగి, "అబ్బాయ్, బండి మీద ఒలికి చీరకు మరకవుతుంది, ఒక కవరియ్యి" అంది.

కుర్రాడు రెండిచ్చాడు.