కాణిపాకంలో చెప్పే రేటు చెప్పవయ్యా

"కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్పమంటే ఏ రేటు చెప్తావో, అదేదో ఇప్పుడే చెప్పవయ్యా." మొన్న రేణిగుంట రోడ్డులో ఒక కార్ల షోరూంలో సేల్స్ అబ్బాయితో నిజంగానే ఈ మాట అన్నాను. నవ్వేశాడు. రేటు మాత్రం చెప్పలేదు.

ఈ రోజుల్లో కారు కొనేవాడు షోరూం మెట్లెక్కేసరికే సగం కొనేసి ఉంటాడు. రెండు నెలలు రాత్రిళ్ళు యూట్యూబ్ ముందే కూర్చున్నాను. భారత్ ఎన్‌క్యాప్ అనే భద్రతా పరీక్షలో స్టార్లెన్ని, వెనక సీటుకు ఏసీ వెంట్ ఏ వేరియంట్ నుంచి ఇస్తారు, ఇవన్నీ మా ఆవిడకు కూడా నోటికొచ్చేశాయి. షోరూంకి వెళ్ళింది రెండు పనుల మీద. కూర్చుని చూడాలి, మొత్తం ఎంతవుతుందో తెలుసుకోవాలి.

మొదటి పని పది నిమిషాల్లో అయిపోయింది. మా నాన్న ముందు సీట్లో కూర్చుని, మోకాలు పట్టుకోకుండా దిగారు. అంతే, కారు ఖాయం. అది ఏ వీడియోలో కనపడుతుంది? అందుకే కారు కూడా ఫోన్లోనే కొనేయొచ్చనే వాళ్ళ మాట నాకు ఎక్కదు.

టెస్ట్ డ్రైవ్ అంటే రెండు కిలోమీటర్ల చదును రోడ్డు. తిరుపతిలో ఉండేవాడికి కారెందుకు? చుట్టాలు దిగినప్పుడల్లా కొండకు తీసుకెళ్ళడానికి. ఐదుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసుకుని ఎత్తు ఎక్కించి చూద్దామంటే పర్మిషన్ లేదట.

ఇక రేటు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది కదా అని పేపర్లో ధర చూసుకుని వెళ్ళాం. అది ఎక్స్‌షోరూం ధర. దానిమీద లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్. సరే, అవి ఎవరికైనా తప్పవు. వాటి కింద హ్యాండ్లింగ్ చార్జీలు, బేసిక్ కిట్ అని ఇంకో రెండు. ఆ కిట్లో ఏముందయ్యా అంటే మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, ఒక కవరు, డ్యాష్‌బోర్డు మీద పెట్టుకునే చిన్న వెంకటేశ్వరస్వామి. తిరుపతి వాళ్ళకు స్వామిని అమ్ముతున్నారు!

ఇన్సూరెన్స్ దగ్గర ఇంకా చికాకు. మన కారు వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ, కొత్త కారుకు మూడేళ్ళది 2018 నుంచి తప్పనిసరి, దాని ప్రీమియం ఎక్కడైనా ఒకటే. తేడా అంతా మన కారుకు జరిగే నష్టానికి కట్టే ఓన్ డ్యామేజీలో. అదే కవర్ బయట పదకొండు వేలు తక్కువకు వస్తోంది. ఎక్కడ తీసుకోవాలన్నది కొనేవాడి ఇష్టం. ఆ మాట అనగానే "అట్లయితే డిస్కౌంట్ రాదు సార్" అన్నాడు. మేనేజర్ గదిలోకి వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. మాకు మూడోసారి కాఫీ వచ్చింది.

చివరికి చిత్తూరులో కొన్నాం. అక్కడి అమ్మాయి పెద్దగా ఏమీ మాట్లాడలేదు. వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. దేనికెంతో విడివిడిగా, కింద మొత్తం. హ్యాండ్లింగ్ లేదు, ఇన్సూరెన్స్ మీ ఇష్టం. ఏ నెలలో తయారైందో చూసుకోమని చాసిస్ నంబర్ కూడా పెట్టింది. నిజం చెప్పాలంటే తిరుపతి రేటుకూ దానికీ తేడా నాలుగు వేలే. ఆ ఫోటో చూసే డెబ్బై కిలోమీటర్లు పోయాం.

వచ్చే దారిలో కాణిపాకంలో పూజ. టైర్ల కింద నిమ్మకాయలు పెడుతుండగా ఫోన్ మోగింది. రేణిగుంట రోడ్డు అబ్బాయి.

"సార్, మేనేజర్‌తో మాట్లాడినా. మీ లాస్ట్ రేటు ఎంతో చెప్పండి సార్."