హాలు లేచింది, వెంటనే గొడవ లేచింది

7 వేల టన్నుల నాటకశాలను 30 అడుగులు పైకెత్తడం పెద్ద కష్టమేమీ కాదు. అలా ఎత్తిన శాలలో ఒక గాయకుడు మూడు వారాలపాటు పాడుకోవచ్చా, కూడదా అన్నది తేల్చడమే బ్రహ్మప్రళయం. 2024 వేసవిలో న్యూయార్క్ బ్రాడ్‌వే, అంటే ఆ నగరంలోని పెద్ద నాటకశాలల లోకం, దాని అభిమానులు ఈ సత్యాన్ని లోకానికి చాటారు. విషయం గంభీరమైనది. దయచేసి నవ్వు ఆపుకుని చదవండి.

ముందు శాల సంగతి. టైమ్స్ స్క్వేర్‌లో, 47వ వీధి మలుపులో ఉన్న ప్యాలెస్ థియేటర్‌ను 1913 మార్చిలో తెరిచారు. దాని లోపలి అలంకరణకు 1987లో నగర వారసత్వ కట్టడాల కమిషన్ రక్షణ కల్పించింది. అంటే ఆ గచ్చు పూలనూ లతలనూ ఎవరూ పాడుచేయకూడదు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. టైమ్స్ స్క్వేర్‌లో నేలమట్టాన ఉన్న జాగా అంటే మాటలా? అలాంటి చోట 1600 మంది చీకట్లో కూర్చుని, తమకు ఏమీ కాని మనిషి కష్టాలకు ముక్కు చీదుతూ ఉంటే ఏ యజమాని గుండె తట్టుకుంటుంది? కూల్చడానికి చట్టం ఒప్పుకోదు. ఉన్నచోట ఉంచడానికి మనసొప్పదు. అయితే పైకెత్తేద్దాం అన్నారు ఇంజనీర్లు.

2018లో తలుపులు మూశారు. 2022 జనవరిలో హైడ్రాలిక్ జాకీలతో మొదలుపెట్టి, ఏప్రిల్ నాటికి శాలను బాల్కనీలతో, గచ్చు పూలతో సహా 30 అడుగులు లేపి నిలబెట్టారు. కింద ఖాళీ అయిన చోటు దుకాణాలకు. పైన కట్టిన హోటలుతో కలిపి మొత్తం ప్రాజెక్టు ఖర్చు 250 కోట్ల డాలర్లు. కళకు సమాజంలో ఉన్నత స్థానం కల్పించాలని పెద్దలు సభల్లో ఎంతకాలంగానో చెబుతున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ఆ పుణ్యకార్యం రియల్ ఎస్టేట్ వాళ్లే చేశారు, టేపు పెట్టి కొలిచి మరీ.

పాత కట్టడాల ప్రేమికులు కొందరు నొచ్చుకున్నారు గానీ, అభిమానలోకం పెద్దగా కదల్లేదు. చిచ్చు రగిలింది ఆ తర్వాత. బాగుచేసిన శాలలో తొలి కార్యక్రమం బ్రాడ్‌వే నటుడు, గాయకుడు బెన్ ప్లాట్ పాటకచేరీ అని ప్రకటించారు. 2024 మే 28 నుంచి జూన్ 15 దాకా 18 ప్రదర్శనలు. అంతే, జాకీల మోతకు లేవనివాళ్లు కూడా లేచి కూర్చున్నారు.

ముందుగా లేచింది మడికట్టుకున్న వర్గం. వీరి వాదన సూటిగా ఉంటుంది. బ్రాడ్‌వే శాల అంటే నాటకానికీ సంగీత నాటకానికీ అంకితమైన చోటు. అందులో కథ ఉండాలి, పాత్రలు ఉండాలి, విరామం ఉండాలి, విరామంలో ఆడవాళ్ల టాయిలెట్ ముందు మెట్ల దాకా క్యూ ఉండాలి. ఒక మనిషి మైకు పట్టుకుని వచ్చి, వెనక బ్యాండు పెట్టుకుని, మధ్యమధ్య సొంత కబుర్లు చెబుతూ పాడితే శాల మైలపడుతుంది. సంప్రోక్షణకు కనీసం ఒక్క షేక్‌స్పియర్ అయినా పడాలి.

ఈ మడికి శాస్త్రం లేకపోలేదు. బ్రాడ్‌వే అనిపించుకోవడానికి ఆ పేరున్న వీధిలో ఉండాల్సిన పనిలేదు, ఆ శాలల్లో చాలావాటి తలుపులు పక్క వీధుల్లోకే తెరుచుకుంటాయి. ఉండాల్సింది 500 సీట్లు. 499 ఉంటే ఆఫ్ బ్రాడ్‌వే. అదే నాటకం, అదే నటుడు, అవే కన్నీళ్లు. ఒక్క కుర్చీ తగ్గితే మహత్తు దిగిపోతుంది. పోనీ కుర్చీలు ఎక్కువుంటే చాలా అంటే, అదీ కాదు. దాదాపు 6 వేలమంది పట్టే రేడియో సిటీ మ్యూజిక్ హాల్ బ్రాడ్‌వే కాదు. మిగతా శాలలకు దూరంగా లింకన్ సెంటర్‌లో విసిరేసినట్టున్న వివియన్ బోమాంట్ శాల మాత్రం బ్రాడ్‌వే. ఇంత స్పష్టమైన నిర్వచనం చేతిలో ఉన్నప్పుడు కచేరీవాళ్లను గుమ్మం దగ్గరే ఆపడం అభిమాని కనీస ధర్మం.

ఒక్కటే ఇబ్బంది. చరిత్ర తిరగేస్తే ఈ శాల పుట్టిందే మైలలో. 1913లో దీన్ని కట్టింది వాడెవిల్ కోసం. రోజుకు రెండు ఆటలు, ఒక్కో ఆటలో పాట, డాన్సు, హాస్యం, గారడీ, సర్కస్ ఫీట్లు ఒకదాని వెనక ఒకటి. వీటన్నిటినీ కలిపే కథంటూ ఏమీ లేదు. తొలి వారాల్లో జనం రాక ఈగలు తోలుకుంటుంటే, ఫ్రెంచి నటి సారా బెర్న్‌హార్ట్ వచ్చి తన భాషలోనే నటించి శాలను నిలబెట్టింది. చూసినవాళ్లలో ఎంతమందికి ముక్క అర్థమైందో అడక్కండి. హుడీనీ ఇంద్రజాలం కూడా ఈ వేదిక మీద నడిచింది. ప్యాలెస్‌లో ఛాన్సు దొరికిందంటే వాడెవిల్ కళాకారుడికి ఇక ఎక్కడానికి మెట్టు లేదు. 1932లో సినిమాలు వచ్చి పడ్డాయి. సంగీత నాటకానికి ఈ శాల సొంతమైంది 1966 జనవరిలో, నాటకశాలల యజమానులైన నెదర్‌లాండర్ కుటుంబం కొని బాగుచేయించాక. అంటే మడికట్టుకున్నవాళ్ల సనాతన ధర్మం వయసు, శాల వయసులో సగం మీద పిసరంత.

నన్నడిగితే, ఒక్క మనిషి నిలబడి, కథల సాయం లేకుండా, నిండు హాలును పట్టి కూర్చోబెట్టడమే ఆ వేదిక అసలు వృత్తి. సంగీత నాటకాలు మధ్యలో అద్దెకు దిగాయి. అద్దెకున్నవాళ్లు బాగా ఉన్నారు, గోడలకు మేకులు కొట్టలేదు, సంతోషమే. అంతమాత్రాన ఇంటివాణ్ణి గుమ్మంలో నిలబెట్టి ఎవరు బాబూ నువ్వు అని అడుగుతారా? ఇది నా అభిప్రాయం. గట్టిగా చెబితే రాళ్లు పడతాయి గనక నెమ్మదిగా చెబుతున్నాను.

రెండో వర్గం మరింత ప్రమాదకరం, ఎందుకంటే వీళ్లకు చరిత్ర తెలుసు. కచేరీ వద్దని వీళ్లు అనరు. ప్యాలెస్‌లో కచేరీ అంటే 1951 అక్టోబరు 16న హాలీవుడ్ నటి, గాయని జూడీ గార్లండ్ వేసుకున్న పీట, దాని మీద కూర్చునే అర్హత ఈ కుర్రాడికి ఉందా అని మాత్రమే అడుగుతారు. ఆ కథ నిజంగా గొప్పదే. సినిమా స్టూడియోతో తెగతెంపులై, ఇక ఈమె పని అయిపోయిందని లోకం చేతులు దులుపుకున్నాక వచ్చి 19 వారాలు ఆడింది. చిరిగిన కోటు, మసి పూసుకున్న ముఖం. ఆ దేశదిమ్మరి వేషంలోనే వేదిక అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చుని, ఒక్క లైటు వెలుగులో, తాను చిన్నప్పుడు సినిమాలో పాడిన పాట పాడేది. మరుసటి ఏడాది, బ్రాడ్‌వేకు ఏటా బహుమతులిచ్చే టోనీవాళ్లు ప్రత్యేక పురస్కారం ఇచ్చారు.

ఆనాడు ఆ హాల్లో ఉన్నవాళ్లలో ఇప్పుడు మిగిలినవాళ్లు తక్కువే అయి ఉంటారు. ఆ పాటకు ఏడ్చామని చెప్పేవాళ్లు మాత్రం ఏటికేడాది పెరుగుతున్నారు. పాతికేళ్ల అభిమాని కూడా ‘జూడీ తర్వాత ప్యాలెస్ ప్యాలెస్ కాదండీ’ అని నిట్టూరుస్తాడు. అయ్యా, 1973లో బెట్ మిడ్లర్, 1976లో డయానా రాస్, 2008లో జూడీ కన్నకూతురు లైజా మినెల్లీ ఇదే వేదిక మీద కచేరీలు చేశారు కదా అంటే, వాళ్లకు అర్హత ఉందంటాడు. అర్హత అంటే ఏమిటని ఆరా తీస్తే తేలింది ఇదీ: కచేరీ చేసి చాలాకాలం అయి ఉండాలి.

ఇక అభ్యర్థి బయోడేటా పరిశీలన. 2017లో ‘డియర్ ఎవాన్ హాన్సెన్’ అనే సంగీత నాటకంలో ప్రధాన పాత్రకు 23 ఏళ్లకే ఉత్తమ నటుడిగా టోనీ. అప్పుడు ఆయన దేవుడు. 2021లో అదే పాత్రను సినిమాలో వేశాడు. 27 ఏళ్లవాడు హైస్కూలు కుర్రాడిగా కనిపించేసరికి, హాల్లో ఏడ్చినవాళ్లే తెర ముందు నవ్వారు. ఇరవయ్యో వరసలోంచి చూస్తే వయసు కనిపించదు, క్లోజప్‌లో దాగదు. అది ఆయన తప్పో, కెమెరా తప్పో ఎవరూ విచారించలేదు. 2023లో ‘పెరేడ్’ అనే సంగీత నాటకం చేసి మళ్లీ మంచివాడయ్యాడు. ఇవన్నీ క్షమించదగ్గవే గానీ, తండ్రి మార్క్ ప్లాట్ పేరున్న నిర్మాత. అభిమానుల న్యాయస్థానంలో ఇది పుట్టుకతో వచ్చిన నేరం. జూడీ కడుపున పుట్టడం మాత్రం లైజాకు వారసత్వం.

అన్నిటికన్నా ఉత్కృష్టమైన చర్చ గొంతు మీద జరిగింది. ఆయన స్వరాన్ని వణికించడం ఒక వర్గానికి హృదయాన్ని పిండడం, ఇంకో వర్గానికి బట్టలు పిండడం. పై స్థాయిలో సాగదీసే సంగతులు కొందరికి ప్రతిభ, కొందరికి ప్రదర్శన. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనేవాళ్ల సంఖ్య రెండు వైపులా సమానంగా ఉండటంతో చర్చ రసవత్తరంగా సాగింది.

ఈ నిపుణులందరూ టికెట్ కొని విన్నవాళ్లేనా అని అనుమానం వద్దు. శాస్త్రం అంత ఖరీదైనది కాదు. దొంగచాటుగా తీసిన వీడియోలను ‘స్లైమ్ ట్యుటోరియల్’ అన్న పేరుతో యూట్యూబ్‌లోకి ఎక్కించడం బ్రాడ్‌వే అభిమానుల్లో ఒక ఆచారం. పిల్లలు ఆడుకునే జిగురుముద్దను తయారుచేయడం నేర్పే వీడియో కాబోలు అనుకుని సంబంధితులు వదిలేస్తారని ఆశ. అలాంటి వీడియో తెరిస్తే ఏముంటుంది? సగం తెర నిండా ముందు సీటాయన బట్టతల. ఆ తల అంచున బొటనవేలంత వెలుగు, అదే నటుడు. పక్కన ఎవరో చాక్లెట్ కాగితం విప్పుతుంటారు, పాట పొడుగునా విప్పుతూనే ఉంటారు. అసలైన చోట ఫోన్ ఒళ్లోకి జారిపోయి అంతా చీకటి. ఆ చీకట్లోంచి తోడిన ధ్వనిని ఇయర్‌ఫోన్లలో నాలుగుసార్లు వెనక్కి తిప్పి విని, ‘రెండో చరణంలో శ్వాస నాభి నుంచి రాలేదు’ అని తీర్పు చెబుతారు. చాక్లెట్ కాగితం శ్రుతిలో ఉందని కూడా ఎవరో ఒకరు గమనించే ఉంటారు.

దయ్యాల ప్రసక్తి లేకుండా ప్యాలెస్ చర్చ ముగియదు. బాల్కనీ నుంచి తీగ మీద నడుస్తూ పడిపోయిన ఒక సర్కస్ కళాకారుడి ఆత్మ ఇప్పటికీ అక్కడ తిరుగుతుందని పాత కథ. మరి శాలతోపాటు ఆయన కూడా 30 అడుగులు పైకి వెళ్లాడా, లేక కింద దుకాణంలో చొక్కాల మధ్య ఉన్నాడా? ఈ ఒక్క విషయంలోనే నాకు నిజమైన ఆసక్తి ఉంది. దీని మీద మాత్రం ఏ వర్గమూ నోరు విప్పలేదు.

పోనీ, కచేరీ రంగస్థల కళ కిందికి వస్తుందా రాదా అని టోనీ పెద్దలనే అడుగుదామంటే, వాళ్ల పరిస్థితి మరీ జాలి. 2001లో ‘ప్రత్యేక రంగస్థల కార్యక్రమం’ అని ఒక విభాగం పెట్టారు. లైజా చేసిన ఆ ప్యాలెస్ కచేరీకే 2009లో బహుమతి ఇచ్చి, ఆ విభాగాన్నే ఎత్తేశారు. 2017లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ గిటారు పట్టుకుని వాల్టర్ కెర్ థియేటర్‌లో దిగితే, మరుసటి ఏడాది ప్రత్యేక పురస్కారం చేతిలో పెట్టారు. బయటి రాక్ స్టార్ వస్తే బ్రాడ్‌వే విశాలమవుతుంది. బ్రాడ్‌వేలోనే పెరిగిన నటుడు అదే పని చేస్తే ఇరుకవుతుంది. ఇందులో అర్థంకానిదేమీ లేదు, టేపు ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

మొత్తానికి మడివాళ్ల మొర దేవుడు ఆలకించాడు. కచేరీలు అయ్యాక ప్యాలెస్‌లోకి అసలు సిసలైన సంగీత నాటకం ‘ట్యామీ ఫే’ వచ్చింది. సంగీతం ఎల్టన్ జాన్. కథ ఉంది, పాత్రలున్నాయి. 2024 నవంబరు 14న ప్రారంభమై, డిసెంబరు 8న మూతపడింది. సంప్రోక్షణ దివ్యంగా జరిగింది, భక్తులే రాలేదు. 2025 వసంతంలో పాటల్లేని పాత నాటకమొకటి బాబ్ ఓడెన్‌కర్క్, కీరన్ కల్కిన్‌లతో మళ్లీ వేశారు. అప్పుడు మొదలైంది, టీవీ మొహాలకు బ్రాడ్‌వేలో ఏం పని అని.

అందుకని యాజమాన్యానికి ఒక విన్నపం. వాడెవిల్ రోజుల్లో ఆట మొదటి అంశంగా ఎప్పుడూ మాటల్లేనిదే పెట్టేవారు. పిల్లిమొగ్గలవాళ్లు, సైకిల్ ఫీట్లవాళ్లు, మచ్చికైన కుక్కలు. అప్పటికింకా జనం సీట్లు వెతుక్కుంటూ, పక్కవాళ్ల కాళ్లు తొక్కుతూ, కబుర్లాడుకుంటూ ఉంటారు గనక మాట పెగిల్చినా వినిపించదు. ఆ పద్ధతి మళ్లీ తెస్తే బాగుంటుంది. ఎవరి కచేరీ అయినా సరే, తొలి 15 నిమిషాలు కుక్కలు రింగుల్లోంచి దూకుతూ ఉండాలి. ఆ లోపల అభిమానులు అర్హత, మడి, జూడీ, గొంతు, తండ్రి అన్నీ గట్టిగా అరుచుకుని తేల్చేసుకోవచ్చు. గాయకుడు వచ్చేసరికి అలిసిపోయి ఉంటారు.

ఒక్కటే భయం. మూడో రోజుకల్లా బాల్కనీలోంచి ఎవరో ఒకరు లేచి, 1913లో దూకిన కుక్కల ముందు ఇవెంత అంటారు.