నల్ల కారు మీది తెల్ల మరకకు బహిరంగ లేఖ

మహారాజశ్రీ బోరునీటి మరక గారి దివ్యసముఖమునకు,

హైదరాబాదు నుంచి ఒక నల్ల కారు యజమాని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగనక్కర్లేదు. బానెట్ మీద దినదినాభివృద్ధి చెందుతూ రోజూ దర్శనమిస్తూనే ఉన్నారు.

తమరి వంశం సామాన్యమైనది కాదని ఈమధ్యే తెలిసింది. ఈ ఊరి కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఆ రాయి శిథిలమవుతూ వదిలిన కాల్షియం, మెగ్నీషియం నీటిలో కరిగి, మా అపార్ట్‌మెంటు బోరు గొట్టంలోంచి పైకెక్కి, వాచ్‌మన్ బకెట్లోకి దిగి, చివరికి నా కారును వరించాయి. కారు మీద బ్యాంకు వారి హక్కు ఐదేళ్లే. అంతటి చరిత్ర ఉన్నవారి ముందు మా ఇద్దరి హక్కులూ ఏపాటివి?

తాగే నీటిలో కఠినత్వం, అంటే ఈ కాల్షియం, మెగ్నీషియం లవణాల పాలు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోమని, వేరే దిక్కు లేకపోతే 600 దాకా సర్దుకోమని భారతీయ ప్రమాణాల సంస్థ మనుషులకు చెప్పింది. కార్ల గొడవ అది పట్టించుకోలేదు. అందుకే మేము కృష్ణా నీళ్లు వంటింట్లో దాచుకుని, బోరు నీళ్లు కారు నెత్తిన పోస్తున్నాం.

తమరి జననం నేను దగ్గరుండి చూశాను. వాచ్‌మన్ తెల్లవారగానే కారు కడిగి వెళతాడు. అతని జీతం కడగడానికే గాని తుడవడానికి కాదు, ఆ విషయంలో అతనిది స్పష్టమైన అవగాహన. ఇంతలో ఎండ వస్తుంది. నల్ల బానెట్ వేడెక్కుతుంది. నీటిచుక్క అంచుల దగ్గర త్వరగా ఆవిరవుతుంది, ఆ లోటు తీర్చడానికి నడుమనున్న నీరు అంచుకు పరుగెడుతూ తనతో పాటు లవణాన్నీ మోసుకెళ్తుంది. కాసేపటికి నీరు మాయం. మిగిలేది సున్నంతో గీసిన సన్నటి వలయం, లోపల నల్లగా ఖాళీ. ఇంత చక్కగా చేయి తిరిగిన ముగ్గు మా వాకిట్లో కూడా పడదు.

తమరిని సాగనంపడానికి సలహాలిచ్చిన పెద్దలకు లోటు లేదు. మూడో అంతస్తు పెద్దాయన, ‘టూత్‌పేస్టు పెట్టి రుద్దవయ్యా’ అన్నారు. అందులో ఉండేది సన్నటి రాపిడి పొడి. తమరు కదలలేదు గాని, ఎండలో చూస్తే తమరి చుట్టూ గుండ్రటి గీతలు పరివారంలా కొలువు తీరాయి. ఇంకొకరు కిరోసిన్ అన్నారు. జిడ్డు కింద తమరు ఒక పూట తలదాచుకుని, మర్నాడు కడగ్గానే యథాస్థానంలో వెలిశారు. మా అత్తగారు మాత్రం, ‘చింతపండుతో రాగిచెంబు మెరిసినప్పుడు కారు ఎందుకు మెరవదు బాబూ?’ అన్నారు. అందరం నవ్వాం. నిజానికి శాస్త్రానికి దగ్గరగా వచ్చింది ఆవిడ ఒక్కరే. సున్నానికి పులుపే విరుగుడు. కాకపోతే చింతపండు పిప్పితో రుద్దితే పెయింటు గీసుకుపోతుంది. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, కారు నీడలో చల్లగా ఉన్నప్పుడు మెత్తటి గుడ్డ తడిపి ఒక్క నిమిషం పరిస్తే తమరి బంధువర్గంలో చాలామంది కరిగిపోయారు. పోతూ పోతూ మైనపు పూతను కూడా పలచబరిచారు. శుభ్రంగా కడిగి దాన్ని మళ్లీ వేయవలసి వచ్చింది.

తమరు మాత్రం పులుపుకు లొంగే రకం కాదు. ఎండకు కాగి కాగి, పైనున్న పారదర్శకమైన పూతలోకే దిగిపోయారు. దాన్ని క్లియర్ కోట్ అంటారు. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు, అంటే మామూలు కాగితం మందంలో సగం. పాలిష్ యంత్రం తమరిని తీసేయదు, తమరి చుట్టూ ఉన్న పూతను అరగదీసి తమరి లోతుకు దించుతుంది. గోతిని పూడ్చలేక ఊరినే తవ్వడం అన్నమాట. ఇలాంటి పాలన మాకు అలవాటే గనుక ఆశ్చర్యపోలేదు.

ఆ పాలిష్ కొట్టు కుర్రాడు సిరామిక్ పూత వేయించమన్నాడు, ‘నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయి సార్’ అంటూ. నిలుస్తాయి, అదే నా భయం. చదునైన బానెట్ మీద జారిపోని ప్రతి ముత్యమూ ఎండ రాగానే తమరి తమ్ముడే కదా.

చివరగా తమరికి ఒక శుభవార్త. బోరుకు నీటిని మెత్తబరిచే యంత్రం పెట్టించాలని నేను సంఘ సమావేశంలో ప్రతిపాదించాను. మెత్తబడ్డ నీళ్లు కూడా మరకలు వదులుతాయి గాని, అవి తడిగుడ్డతో పోతాయని వివరించాను. కార్యదర్శి గారు ధర చదివి వినిపించారు. అధ్యక్షుల వారు కళ్లజోడు సవరించుకుని, ‘మరకలా? నా కారు మీద ఒక్కటీ లేదే!’ అన్నారు. వారిది తెల్ల కారు. ప్రతిపాదన వచ్చే ఏడాదికి వాయిదా పడింది గనుక అంతవరకు తమరు నిశ్చింతగా ఉండవచ్చు.

ఇట్లు,
సెల్లారులో చోటు దొరకని
తమ విధేయుడు