దారపు ఉండ అంటే సరిపోదు

కణకేంద్రకంలో డీఎన్ఏ దారపు ఉండలా చుట్టుకుని ఉంటుందని డీఎన్ఏ మీద మీరు రాసిన వ్యాసం మొదటి భాగంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. నల్లగొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను, మా పిల్లలూ సరిగ్గా అక్కడే ఆగిపోతారు. రెండు మీటర్ల పోగు అంత చిన్న చోట ఎలా పట్టిందన్నది సగం కథే. ఏ ముక్క ఏ ముక్క పక్కకు వచ్చి చేరిందో చూడాలి.

హిమోగ్లోబిన్‌లో ఒక భాగాన్ని తయారు చేయించే బీటా గ్లోబిన్ జీన్‌నే తీసుకోండి. దాన్ని గట్టిగా పని చేయించే స్విచ్ లాంటి భాగం దాదాపు 50 వేల డీఎన్ఏ అక్షరాల (బేస్‌ల) అవతల ఉంటుంది. ఎర్ర రక్తకణాలు తయారయ్యేటప్పుడు మధ్యలోని పోగు వంగి లూప్‌గా మారుతుంది, ఆ రెండూ దగ్గరికొస్తాయి, హిమోగ్లోబిన్ తయారీ ఊపందుకుంటుంది. ఆ స్విచ్ భాగం ఊడిపోతే, జీన్‌లో ఒక్క అక్షరం చెడకపోయినా తీవ్ర రక్తహీనత తెచ్చే థలసీమియా జబ్బు వస్తుంది! ఎక్కువ మంది రోగుల్లో లోపం జీన్‌లోనే ఉంటుంది, నిజమే. కానీ మా జిల్లా నుంచి రక్తం ఎక్కించుకోవడానికి హైదరాబాద్ తిరిగే పిల్లల తల్లిదండ్రులకు "జీన్ బాగానే ఉంది, మరి జబ్బెందుకు?" అన్న టెన్షన్ వస్తే, జవాబు ఈ స్విచ్ భాగంలో కూడా వెతకాలి.

ఆరో వేలు సంగతీ అంతే. మా ఊళ్ళలో అదృష్టం అంటారు. కొందరిలో దానికి కారణం, వేళ్ళ అమరికను నడిపించే సోనిక్ హెడ్జ్‌హాగ్ జీన్‌కు సుమారు 10 లక్షల అక్షరాల దూరంలో, వేరే జీన్ మధ్యలో ఉన్న స్విచ్‌లో ఒక్క అక్షరం మారడమే.

ఏ ముక్కలు దగ్గరగా ఉన్నాయో జీనోమ్ (కణంలోని డీఎన్ఏ అంతా) మొత్తం మీద చూపించే హై-సీ పద్ధతి 2009లో వచ్చింది. వ్యాసం రెండో భాగంలో దాని గురించి కాస్త వివరంగా రాయండి సార్.