వాయవ్యంలో వాయుదేవుడికి ప్రవేశం లేదు

విశాఖపట్నంలో చలికాలం ఉంటుందని నమ్మేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. జనవరిలో తెల్లవారుజామున 18 డిగ్రీలకు దిగిందంటే చాలు, బీచ్ రోడ్డులో వాకింగ్‌కి వచ్చేవాళ్ళంతా మంకీ క్యాపుల్లో ప్రత్యక్షమై, లంబసింగి కొండ దిగి ఇక్కడికే వచ్చేసినట్టు వణుకుతారు. ఇంత భయంకరమైన చలిలో వేడినీళ్ళు లేకపోతే మనిషి బతుకుతాడా? అందుకే మా అద్దెవాటా బాత్‌రూంలో ఇంటివారు గ్యాస్ గీజర్ పెట్టించారు.

అది నాలుగు నిమిషాలు వెలుగుతుంది. సరిగ్గా మొహానికి సబ్బు రాసుకోగానే ఆరిపోతుంది.

మెకానిక్ వచ్చాడు. సంచిలో స్క్రూడ్రైవరు ఒకటి, టేపు చుట్ట ఒకటి, ధీమా మాత్రం బోలెడు. "సెల్లులు పోనాయండి" అన్నాడు. మార్చాం. ఆరిపోయింది. డయాఫ్రమ్ అన్నాడు. మార్చాం. సెన్సారన్నాడు. మార్చాం. "మైక్రోస్విచ్చండి. ఉప్పుగాలి కదండీ, కాంటాక్టులు తినేస్తాది." ఉప్పుగాలి మాట చెవిన పడితే విశాఖ మనిషి ఇంక ఎదురు ప్రశ్న వెయ్యడు. ఈ ఊళ్ళో కిటికీ గొళ్ళెం మొదలు కాపురాల దాకా ఏది తుప్పు పట్టినా తప్పు సముద్రానిదే. ఐదోసారి వచ్చి ఫ్యాన్ మోటారే మార్చేశాడు. అప్పటికి పాత గీజర్‌లో మిగిలింది డబ్బా, దానిమీద స్టిక్కరూ.

ఇన్నిసార్లు వచ్చినవాడు ఒక్కసారైనా తలెత్తి పైకి చూడలేదు. అక్కడ వెంటిలేటర్ ఉంది. ఉండేది అనాలి.

ఇల్లు కట్టినప్పుడు దానికి అడ్డంగా గాజుపలకలుండేవట. పోర్టు నుంచి నల్లదుమ్ము వస్తోందని ముందు సన్నటి మెష్ కొట్టించారు. ఆ దుమ్మే మెష్‌ని పూడ్చేసింది. అంతటితో పోనిచ్చారా? ఒక వాస్తు పండితుడు వేంచేసి, ఆ కన్నంలోంచి ఐశ్వర్యం బయటికి కారిపోతోందని కనిపెట్టాడు. వెంటనే థర్మోకోల్ ముక్క కుక్కి, చుట్టూ బ్రౌన్ టేపు వేసి, పైన పీవీసీ షీటు బిగించేశారు. ఆ బాత్‌రూం ఉన్నది వాయవ్యంలో. అంటే సాక్షాత్తూ వాయుదేవుడి మూల. ఆయన మూలలోకి ఆయన్నే రానివ్వకుండా శాస్త్రోక్తంగా సీలు వేశారన్నమాట.

మంటకి గాలి ఎంత ముఖ్యమో మా ఊరికి తెలియనిదేం కాదు. ఇక్కడ ఫర్నేస్ అంటే స్టీల్‌ప్లాంటులో ఇనుము కరిగించే పెద్ద కొలుములే. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని వాటికి పేర్లు కూడా ఉన్నాయి. అక్కడ పనిచేసి రిటైరైన మా బావగారు ఈ కథంతా విని నవ్వారు. "కింద నుంచి వేడిగాలి ఊదకపోతే అంత పెద్ద ఫర్నేసూ రాళ్ళగుట్టేనయ్యా. నీ గీజర్ ఎంత? సిలిండర్ గ్యాసు ఒక లీటరు సరిగ్గా మండాలంటే పాతిక, ముప్పై లీటర్ల గాలి కావాలి" అన్నారు. (ఆయనింట్లో బాత్‌రూం వెంటిలేటర్‌కి పాత క్యాలెండరు అడ్డంపెట్టి ఉంటుంది. దోమలట.)

ఫ్యాన్ గీజర్‌లో వరస ఇదీ: ముందు ఫ్యాన్ తిరిగి పొగని బయటికి లాగాలి. ఆ లాగుడుకి ఒక చిన్న స్విచ్చులో రబ్బరు పొర కదలాలి. కదిలితేనే గ్యాసు వదులుతుంది. గదిలోకి గాలి రాకపోతే లాగుడు తగ్గి, స్విచ్చు విడిపోయి మంట ఆరుతుంది. చికాగోలో మా మేనల్లుడి ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేసులోనూ ఇదే తంతు. అక్కడ టెక్నీషియన్ ముందు గాలి గొట్టానికి మంచు అడ్డుపడిందేమో, స్విచ్చుకి వెళ్ళే రబ్బరు ట్యూబు చీలిందేమో చూసి, మీటరు పెట్టి ఒత్తిడి కొలిచాకే పార్టు మాటెత్తుతాడట. ఇంత చిన్న మెళకువ. మా ఇంట్లో అది తెలిసింది గీజర్ ఒక్కదానికే.

ఆరో రాకలో మెకానిక్ బాత్‌రూం తలుపు తీసి పరీక్ష పెట్టాడు. ఇరవై నిమిషాలు జ్యోతిలా వెలిగింది. మూశాడు. నాలుగు నిమిషాల్లో ఆరింది. మళ్ళీ తీశాడు, వెలిగింది. చెయ్యి కడుక్కుని తీర్పు చెప్పాడు: "గీజర్ బంగారంలాగుందండి. మీ తలుపుదే ప్రాబ్లమ్."

దాంతో తలుపు తీసి స్నానాలు చేసే విధానం మీద మా ఇంట్లో చర్చ మొదలైంది. మా అత్తగారు హాల్లో కుర్చీ వేసుకుని, ఇటు వీపు పెట్టి కాపలా కాస్తానన్నారు. ఆవిడ స్నానానికి ఎవరు కాపలా అన్నదగ్గర తీర్మానం ఆగింది. చీర అడ్డం కడదామన్నారు. ఫ్యాన్ గాలికి చీర ఎగురుతుంది కాబట్టి ఆ గంటసేపూ హాల్లో ఫ్యాన్ బంద్ అన్నారు. పాలవాడు, పేపరువాడు, ఫ్లాట్ల మెయింటెనెన్స్ వసూలుకి వచ్చే పెద్దమనిషి, వీళ్ళ వేళలతో కాగితం మీద టైమ్‌టేబుల్ కూడా తయారైంది. ఆ షీటు పీకుదామని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. వాస్తు కదా.

ఈ గొడవంతా చూసి మెకానిక్‌కి జాలేసింది. "డైరెక్ట్ చేసీమంటారా? ఆ స్విచ్చు తీసేసి రెండు వైర్లూ కలిపేస్తే తలుపేసినా ఆరదు."

ఏమిటయ్యా నువ్వు కలిపేది? గ్యాసు లీకైతే తెలియాలని సిలిండర్‌లో కావాలని కంపు కలుపుతారు. గాలి చాలక పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి కంపు లేదు, రంగు లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోటు, దానికంటే రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుని ఇది కూర్చుంటుంది. తల నొస్తుంది, కళ్ళు తిరుగుతాయి, గడియ తీద్దామంటే చెయ్యి లేవదు. బయట వాళ్ళు "ఇంకా అవలేదా నీ స్నానం" అని కసురుతూ ఉంటారు. మర్నాడు పేపరు లోపలి పేజీలో నాలుగు లైన్లు, "గీజర్ గ్యాస్‌తో మృతి" అని. గీజర్ ఏం చేసింది? ఆగిపోదామనే చూసింది. దాని గొంతు నొక్కి ఆగనివ్వనిది మీరు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో విషవాయువు లీకై వెంకటాపురం వీధుల్లో జనం ఎలా కుప్పకూలిపోయారో చూసిన ఊరు ఇది. ఈ ఊళ్ళో నిలబడి "డైరెక్ట్ చేసీమంటారా" అని ఎలా అడిగావు?

అతన్ని పంపేసి, స్టూలెక్కి షీటు నేనే పీకాను. థర్మోకోల్ వెనక పావురం కట్టుకున్న పుల్లల గూడు, దాని వెనక బొగ్గులా మారిన మెష్. అన్నీ తీసేశాను. తలుపేసుకుని స్నానం చేశాను. ఆరలేదు.

ఇంటివారికి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "సరేలెండి, ఖాళీ చేసేటప్పుడు మాత్రం ఆ కన్నం మూసి అప్పగించాలి. లేకపోతే అడ్వాన్సులో కోసుకుంటాను."